ఎడమ చెంప మీద ఐదు వేళ్ళు

ఆ ఉదయం ఆరోగ్య శాఖ ఇన్‌స్పెక్టరు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఎనిమిదిన్నరకు ఇంట్లోంచి బయలుదేరాలి. పదకొండింటికి బడిలో పిల్లలకు చేతులు కడుక్కోవడం గురించి ప్రదర్శన ఇవ్వాలి. అది చూసి పై అధికారి పెద్దసారు మెచ్చుకోవాలి. సాయంత్రం ఐదున్నరకు భార్యతో కలిసి మేడ మెట్ల మీద కూర్చుని టీ తాగాలి. వీటిలో మొదటిదీ చివరిదీ తన చేతుల్లోనే ఉన్నాయని అతని ధైర్యం.

పెళ్ళయి మూడు నెలలు. రెండు గదుల ఇల్లు. ఒకే గ్లాసులో రెండు టూత్‌బ్రష్షులు కనిపించినప్పుడల్లా ఇద్దరికీ ఇంకా ముసిముసి నవ్వులు వచ్చే రోజులు. బ్రష్షుల తలలు ఒకదానికొకటి తగిలితే ఆరోగ్యానికి మంచిది కాదని అతను వాటిని ఎడమొహం పెడమొహంగా పెట్టేవాడు. ఆమె స్నానం చేసి వచ్చాక చూస్తే అవి మళ్ళీ ఎదురెదురుగా ఉండేవి. ఎవరు తిప్పారని అతను అడగలేదు, ఆమె చెప్పలేదు.

అతనికి ఇంకో అలవాటు ఉంది. సీసా కనిపిస్తే చాలు, పేరు రాసి చీటీ అంటించేవాడు. ఉప్పు, పంచదార, టీ పొడి. పంచదార ఎక్కువై రెండో డబ్బాలోకి వచ్చినప్పుడు దాని మీద ‘ఇది కూడా పంచదార’ అని రాశాడు. కాపురానికి వచ్చిన మొదటి వారం ఆమె నవ్వింది. రెండో వారానికి అలవాటు పడింది. మూడో నెలకు వచ్చేసరికి ఆ ఇంట్లో చీటీ లేని వస్తువు అంటూ ఉంటే అది ఆఫీసుకు సంబంధించినది కానే కాదని గట్టిగా నమ్మడం మొదలుపెట్టింది. కథంతా ఈ నమ్మకం దగ్గరే మొదలైంది.

ప్రదర్శనకు కావలసినవి రెండే వస్తువులు. ఒకటి మెరుపు పూత. చూడటానికి మామూలు చేతుల క్రీములాగే తెల్లగా ఉంటుంది, రాసుకుంటే కనిపించదు. రెండోది ఊదా దీపం. చీకట్లో ఆ దీపం వేస్తే పూత అంటిన చోటల్లా నీలంగా మెరుస్తుంది. ఒక పిల్లవాడి చేతికి పూత రాసి, పక్కవాడికి చేయి కలపమని, వాడిని ఆ పక్కవాడికి కలపమని, చివరకు దీపం వేస్తే క్రిములు ఎలా ఊరేగుతాయో పిల్లలకు కళ్ళారా కనిపిస్తుంది. సబ్బూ నీళ్ళతో కడిగితే తప్ప పోదు.

ముందురోజు సాయంత్రం ఆ పూత డబ్బా మూత పగిలింది. అతను భార్య ఎప్పుడో వాడేసి పక్కన పెట్టిన ఖాళీ క్రీము సీసాను మూడుసార్లు కడిగి, ఆరబెట్టి, పూతను అందులోకి వంపాడు. తెల్ల సీసా, నీలం మూత. చీటీ అంటిద్దామని చూస్తే చీటీల చుట్ట అయిపోయింది. ఒక్కరోజుకే కదా అనుకుని సీసాను అలాగే సంచిలో పెట్టాడు. అతని జీవితంలో చీటీ లేకుండా వదిలిన మొదటి సీసా అదే.

రోజుకు ముప్పైసార్లు చేతులు కడుక్కునే మనిషి కాబట్టి అతని వేళ్ళు ఎప్పుడూ పగిలి ఉండేవి. అందుకని, తుమ్ములొచ్చినా వేళ్ళు బాగుంటే చాలని, అతనికి చెప్పకుండా సంచిలో తన క్రీము సీసా పెట్టి పంపడం ఆమె అలవాటు. ఆ ఉదయం కూడా పెట్టబోయి సంచి తెరిచింది. లోపల అచ్చం తనదిలాంటి సీసా. నిండుగా ఉంది. చీటీ లేదు.

ఆమె ఆ సీసాను పట్టుకుని ఒక నిమిషం అలాగే నిలబడిపోయింది. తన సీసా అడుగంటిందని చూసి కొత్తది కొని, సాయంత్రం ఇద్దామని దాచిపెట్టాడన్నమాట. మూత తీసి వాసన చూసింది. ఏ వాసనా లేదు. పరిమళాలు పడవు కదా పాపం, తుమ్ములొస్తాయి, అందుకే ఇలాంటిది వెతికి మరీ తెచ్చాడు అనుకుంది. సాయంత్రం దాకా ఆగే ఓపిక ఆమెకు లేదు. నిండు సీసా తీసుకుని, అడుగంటిన తన సీసాను సంచిలో పెట్టేసింది. అరచేతులకు, మోచేతులకు, మెడకు, చెవుల వెనక్కి ధారాళంగా రాసుకుంది.

అవతలి గదిలో అతను గోడకు ఉపన్యాసం చెబుతున్నాడు.

“పిల్లలూ, కంటికి కనిపించనంత మాత్రాన లేదని కాదు...”

“బాగుందండీ. గోడ కూడా శ్రద్ధగా వింటోంది,” అంటూ వచ్చి ఆమె అతని చొక్కా కాలరు సరిచేసింది.

“నవ్వులాట కాదోయ్. ఇది సరిగ్గా రాకపోతే ఏమవుతుందో తెలుసుగా?”

తెలుసు. అతని ఉద్యోగం ఈ నెలాఖరుకు ఖాయం కావాలి. రెండే ఖాళీలున్నాయి. ఒకటి ఇక్కడే, ఆరోగ్య బోధన విభాగంలో. రెండోది పన్నెండు గంటల రైలు ప్రయాణం దూరంలో ఉన్న మురుగునీటి పంపుల కేంద్రంలో. ఆమె ఉద్యోగం మాత్రం ఇక్కడే, పెద్దసారు ఆఫీసులో నమోదు కౌంటరు దగ్గర. ‘ప్రదర్శన చూసి నిర్ణయిస్తా’ అన్నాడు పెద్దసారు. అంటే ఆ గ్లాసులో రెండు బ్రష్షులు ఉండాలా, ఒకటే ఉండాలా అన్నది పదకొండింటికి తేలబోతోంది.

“నాకేం భయం లేదు,” అందామె. “పంపులు మీకు అచ్చిరావు. కుళాయి తిప్పితేనే చొక్కా అంతా తడుపుకుంటారు. పెద్దసారుకు ఆ మాత్రం తెలియదా?” అని, అరచేతిని అతని ఎడమ చెంప మీద ఆనించి కాసేపు అలాగే ఉంచింది. అతనికి అప్పటికప్పుడు ఉపన్యాసంలో రెండు వాక్యాలు మరపుకొచ్చాయి.

పెద్దసారు పేరు తెలియనివాళ్ళు ఉండొచ్చు గానీ ఆయన చేతులు తెలియనివాళ్ళు ఆ శాఖలో లేరు. ప్రతి మరుగుదొడ్డి గోడ మీదా ఆయన ఫోటో ఉంటుంది. మోచేతుల దాకా నురుగు. కింద ‘నేను కడుక్కున్నాను. మరి మీరు?’ అని పెద్ద అక్షరాలు. ఆయన తొమ్మిదిన్నరకు కౌంటరు దగ్గరికి వచ్చి, హాజరు పుస్తకంలో సంతకానికి ఆమె కలమే అడిగి తీసుకున్నాడు. సంతకం చేశాక, ఏదో ఆలోచిస్తూ, అలవాటు ప్రకారం బట్టతలను వేళ్ళతో నిమురుకున్నాడు.

“ఏమ్మా, మీ ఆయన సిద్ధమేనా?”

“తెల్లారినప్పటి నుంచి గోడకు చెబుతూనే ఉన్నారండీ.”

“గోడ ఏమంది?”

“ఇంకా చేతులు కడుక్కోలేదండీ.”

పెద్దసారుకు నవ్వొచ్చింది, కానీ పదవి గుర్తొచ్చి ఆపుకున్నాడు. “నువ్వూ రామ్మా, పిల్లల పేర్లు రాసుకోవడానికి ఒక మనిషి కావాలి,” అంటూ కలం జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆమె ఇంకో కలం తీసుకుంది. కారు వచ్చేలోపు బడిలో ఉన్న భర్తకు ఫోను చేసింది.

“మీ బహుమతి చూసేశాను. చాలా నచ్చింది,” అంది.

ఇన్‌స్పెక్టరు బడి గోడ మీద కేలండరు కోసం వెతుక్కున్నాడు. తనేమీ బహుమతి తేలేదు. ఇవాళ ఏం రోజు? పుట్టినరోజు కాదు. పెళ్ళిరోజుకు ఇంకా తొమ్మిది నెలలు. మొదటిసారి చూసుకున్న రోజా? నిశ్చితార్థమా? ఏదో ఒకటి మరిచిపోయి ఉంటాడు. తేలేదంటే మూడు నెలల కాపురానికి మచ్చ.

“నీకు నచ్చుతుందని తెలుసు,” అన్నాడు గొంతు సవరించుకుని.

“ఎలా కనిపెట్టారసలు, నాకు అదే కావాలని?”

“అది... చూస్తే తెలిసిపోదూ.”

“మీరు భలేవారు,” అని ఆమె మురిసిపోతూ ఫోను పెట్టేసింది. అదేమిటో అడిగే ధైర్యం అతనికి లేకపోయింది. అడిగి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

బడి ఆవరణలో కొత్తగా కట్టిన చేతుల తొట్టి పెళ్ళిపందిరిలా అలంకరించుకుని ఉంది. వరసగా ఆరు కుళాయిలు, తెల్ల పలకలు, ఎర్ర రిబ్బను. దీనికోసం ఇన్‌స్పెక్టరు మూడు ఉత్తరాలు రాశాడు. పోయిన నెలలో ఆ బడిలో విరేచనాలతో ముప్పై ఒక్కమంది పిల్లలు మంచం పట్టారు. ఖాళీ బల్లలను అతను తనే స్వయంగా లెక్కపెట్టాడు.

పెద్దసారు కారు దిగాడు. వెనకాలే పుస్తకం పట్టుకుని ఆమె దిగింది. ముందుగా ఆయన మొదటి వరస పిల్లలకు తలా ఒక పెన్సిలు పంచాడు. కత్తెరతో రిబ్బను కత్తిరించి, కత్తెరను హెడ్మిస్ట్రెస్‌ చేతికి తిరిగిచ్చాడు. ఆవిడ దాన్ని తీసుకుని, కళ్ళజోడు పైకి తోసుకుని, ఆయన చెవి దగ్గరికి వంగింది.

“సార్, చిన్న సంగతి. నీళ్ళు రావడం లేదు. వాల్వు ఇంకా బిగించలేదట. ప్లంబరు సాయంత్రం అన్నాడు.”

“ఏ సాయంత్రం?”

“అది చెప్పలేదండీ.”

పెద్దసారు ఫోటోగ్రాఫరు వైపు చూశాడు. అతను దినపత్రిక నుంచి వచ్చాడు, అప్పటికే కెమెరా ఎత్తి పట్టుకుని ఉన్నాడు. “ఫోటోలో నీళ్ళు ఎవడికి కనిపిస్తాయిలే,” అని గొణిగి, పొడి కుళాయి కింద పొడి చేతులు పెట్టి, చిరునవ్వుతో గట్టిగా రుద్దుకున్నాడు. కెమెరా క్లిక్కుమంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఇన్‌స్పెక్టరు నోరు తెరవబోయాడు. పన్నెండు గంటల రైలు కళ్ళ ముందు కూత వేసింది. నోరు మూసుకున్నాడు.

హాలు కిటికీలకు నల్లగుడ్డలు కట్టారు. మొదటి వరసకు పెన్సిళ్ళు దక్కాయి కాబట్టి ప్రదర్శనకు చివరి వరసవాళ్ళు రావాలని హెడ్మిస్ట్రెస్‌ తీర్పు చెప్పింది. పదిమంది వచ్చారు. ఇన్‌స్పెక్టరు సంచిలోంచి సీసా తీశాడు. రాత్రికి రాత్రే అది సగానికి పైగా తగ్గిపోయిందేమిటా అని ఒక్క క్షణం అనిపించింది గానీ, కారిందేమోలే అనుకున్నాడు. మొదటివాడి చేతికి రాశాడు.

“గులాబీ వాసన వస్తోంది సార్,” అన్నాడు వాడు.

“అలాగే వస్తుంది,” అంటూ ఇన్‌స్పెక్టరు రెండు తుమ్ములు తుమ్మాడు. సబ్బూ నీళ్ళతో కడిగితే తప్ప ఇది పోదని చెప్పాడు. పదిమందీ చేతులు కలిపారు. దీపాలు ఆర్పారు. “ఇప్పుడు చూడండి,” అంటూ అతను ఊదా దీపం వేశాడు.

ఏమీ కనిపించలేదు. ఇరవై చేతులూ చీకట్లో చీకటిలాగే ఉన్నాయి.

“క్రిములు లేవన్నమాట,” అన్నాడొకడు సంతోషంగా.

“పంపుల కేంద్రంలో కూడా దీపాలు ఉంటాయనుకుంటా,” అంది మొదటి వరసలోంచి పెద్దసారు గొంతు.

ఇన్‌స్పెక్టరు దీపం పాడైందేమోనని మొహం వైపు తిప్పి చూసుకున్నాడు. హాలంతా ఒక్కసారిగా నవ్వు పేలింది. అతని ఎడమ చెంప మీద నీలంగా, స్పష్టంగా, విడివిడిగా ఐదు వేళ్ళు.

“సారుని ఎవరో కొట్టారు,” అన్నాడు చివరి వరసవాళ్ళలో ఒకడు.

హెడ్మిస్ట్రెస్‌ దగ్గరికి వచ్చింది. “కొత్తగా పెళ్ళయిన వాళ్ళు... ఇలాంటివి ఉంటాయి బాబూ,” అంది జాలిగా. “మా వారూ నేనూ మొదటి ఏడాది పళ్ళాలు విసురుకున్నాం. అంతా సర్దుకుంటుంది.”

“కొట్టలేదండీ,” అంది మూల నుంచి అతని భార్య, పుస్తకం మూసేస్తూ. “ప్రేమగా...” అని మధ్యలో ఆపేసింది. నలభైమంది పిల్లలు మిగతాది వినడానికి అటు తిరిగారు.

“అసలేం జరుగుతోందయ్యా ఇక్కడ?” అంటూ పెద్దసారు లేచి దీపం వెలుగులోకి వచ్చాడు. రావడమే తడవు, ఆయన బట్టతల నిండుగా వెలిగింది. నుదుటి నుంచి నడినెత్తి దాకా ఐదు నీలి చారలు. రెండు చేతులూ మెరుస్తున్నాయి. ముక్కు కొన మీద ఒక చుక్క.

“పెద్దసారుని కూడా కొట్టారు,” అన్నాడు అదే పిల్లవాడు. ఈసారి వాడి గొంతులో గౌరవం వినిపించింది.

హెడ్మిస్ట్రెస్‌ నవ్వు ఆపుకోవడానికి కళ్ళజోడు సర్దుకుంది. కళ్ళజోడు అంచు కూడా నీలంగా మెరిసింది. “మా పెన్సిళ్ళు, మా పెన్సిళ్ళు,” అంటూ మొదటి వరస అంతా చేతులెత్తింది. ఇన్‌స్పెక్టరు చేతిలోని దీపం మెల్లగా మూల ఉన్న బల్ల వైపు తిరిగింది. అక్కడ అతని భార్య, మెడా చెవులూ మోచేతులూ అరచేతులూ ధగధగలాడుతూ, పండగ రోజు దీపాల తోరణంలా కూర్చుని ఉంది.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది.

“బహుమతి...” అన్నాడతను నీరసంగా.

“చీటీ లేదండీ,” అందామె, ఇంకా నీరసంగా.

రెండో వరసలో రెండు జడల పిల్ల లేచి నిలబడింది. పోయిన నెల ఖాళీగా ఉన్న బల్లల్లో దానిది ఒకటి. “సార్, సబ్బూ నీళ్ళతో కడిగితే పోతుందన్నారు. పెద్దసారు ఇందాకే కడుక్కున్నారు. ఫోటో కూడా తీశారు. మరి ఆయన చేతులకు పోలేదేం?”

హాల్లో నవ్వు ఆగింది. దీపం పాడైంది అనొచ్చు. మరకలు మొండివి, ఒక్కోసారి పోవు అనొచ్చు. అంటే ఉద్యోగం నిలబడుతుంది, నలభైమంది మాత్రం సబ్బుతో కడిగినా లాభం లేదనుకుని ఇంటికి వెళ్తారు. ఇన్‌స్పెక్టరు మూల వైపు చూశాడు. అక్కడ మెరుస్తున్న చెవుల మధ్య ఆమె తల, చెప్పేయమన్నట్టు నెమ్మదిగా ఊగింది.

“ఆయన కడుక్కోలేదమ్మా,” అన్నాడు. “కుళాయిలో నీళ్ళు రాలేదు. ఉత్తినే రుద్దుకున్నారు. ఉత్తినే రుద్దుకుంటే పోదు. ఇదంతా మా ఆవిడ చేతి నుంచి మొదలైంది. అక్కడి నుంచి ఆఫీసు కలానికి, కలం నుంచి సారు చేతికి, సారు చేతి నుంచి తలకి, కత్తెరకి, టీచరు కళ్ళజోడుకి, మీ పెన్సిళ్ళకి. రెండు గంటల్లో. ఎవరికీ తెలియకుండా. పోయిన నెల మీ కడుపునొప్పి కూడా ఇలాగే నడిచొచ్చింది.”

మొదటి వరసవాళ్ళు పెన్సిళ్ళను మెల్లగా బల్లల మీద పెట్టేశారు. పెద్దసారు ఆలోచిస్తూ తల నిమురుకున్నాడు.

“ఇంకో ఐదు,” అని లెక్కపెట్టాడు ఎవరో.

ఫోటోగ్రాఫరు కెమెరా ఎత్తాడు. పెద్దసారు కెమెరాను చూశాడు, ఇన్‌స్పెక్టరును చూశాడు, గొంతు సవరించుకున్నాడు. “బాగా చెప్పావయ్యా. పిల్లలూ, నీళ్ళు లేకుండా కడుక్కుంటే ఏమవుతుందో మీకు చూపించాలని నేను కావాలనే అలా చేశాను. అంతా మా ప్రణాళికే. అవునా?”

“అవునండీ,” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

హెడ్మిస్ట్రెస్‌ ఇరవై రెండేళ్ళుగా అధికారులను చూస్తున్న మనిషి. ఆ అవకాశాన్ని నేల మీద పడనివ్వలేదు. “ఎంత ముందుచూపు సార్. మరి నీళ్ళతో కడిగితే ఏమవుతుందో కూడా ఇవాళే చూపిస్తే పిల్లలకు పూర్తిగా అర్థమవుతుంది. ఫోటోగ్రాఫరుగారు ఎటూ ఉన్నారు.”

“ఎంతసేపైనా ఉంటాను,” అన్నాడు ఫోటోగ్రాఫరు.

పెద్దసారు ఆ చీకట్లోనే నీటి విభాగానికి ఫోను చేశాడు. ఫోను తీసి జేబులో పెట్టుకున్నాక ఆయన కుడి చెవి కూడా నీలంగా మెరిసింది. ఏ సాయంత్రమో చెప్పని ప్లంబరు నలభై నిమిషాల్లో వాల్వుతో సహా వచ్చాడు. ఆరు కుళాయిలూ ముందు దగ్గి, తుప్పునీళ్ళు ఉమ్మి, తర్వాత తెల్లగా పారాయి. పిల్లలందరూ వరస కట్టారు. అందరికంటే ముందు పెద్దసారే కడుక్కోవాలని రెండు జడల పిల్ల పట్టుబట్టింది. పిల్లలు ఇరవై దాకా పైకి లెక్కపెట్టసాగారు. పద్దెనిమిది దగ్గర ఆయన ఆపబోతే ఒప్పుకోలేదు, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టించారు. మళ్ళీ హాల్లోకి వెళ్ళి దీపం వేసి చూస్తే ఈసారి చేతులు శుభ్రంగా చీకట్లో కలిసిపోయాయి. ఆ శాఖలో ఆయన ఫోటో పెట్టిన పదకొండేళ్ళ తర్వాత ఆ ఫోటో కింది మాట మొదటిసారి నిజమైంది.

కారెక్కే ముందు పెద్దసారు ఇన్‌స్పెక్టరును పక్కకు పిలిచాడు.

“నిన్ను పంపుల కేంద్రానికి తోలేయాలనే అనుకున్నాను. నిజం చెప్పాలంటే ఇప్పటికీ అదే అనిపిస్తోంది. కానీ రేపు పేపర్లో ఇది నా ప్రణాళికగా వస్తుంది. నా ప్రణాళిక అన్నాక ఒక్క బడితో ఆగితే బావుండదు. ఇంకా నలభై రెండు బడులున్నాయి. అవన్నీ తిరిగేవాడు ఇక్కడే ఉండాలిగా.” ఆయన ఆమె వైపు తిరిగాడు. “నువ్వూ వెళ్ళమ్మా. మొదటి రోగివి నువ్వే. నువ్వు లేకపోతే ఇది నడవదు.” కారు తలుపు వేసుకోబోతూ ఆగాడు. “నేను వచ్చే బడికి మాత్రం ముందురోజే వెళ్ళి కుళాయి తిప్పి చూడండి.”

సాయంత్రం ఐదున్నరకు మేడ మెట్ల మీద టీ చల్లారిపోయింది. వాళ్ళిద్దరూ లోపల తలుపులు మూసుకుని, ఊదా దీపం పట్టుకుని ఇల్లంతా తిరుగుతున్నారు. లైటు మీట, గొళ్ళెం, దువ్వెన, ‘పంచదార’, ‘ఇది కూడా పంచదార’, గ్లాసులో రెండు బ్రష్షుల పిడులు అన్నీ నీలంగా మెరుస్తుంటే ఆమె చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. బ్రష్షులు తిప్పేది ఎవరో కూడా అప్పుడే రుజువైంది.

“ఇంతకీ ఫోనులో అంత ధీమాగా చెప్పారు, నచ్చుతుందని తెలుసని?” అందామె.

“ఏం మరిచిపోయానో తెలియక అబద్ధమాడాను,” అని ఒప్పుకుని, దారిలో కొన్న కొత్త సీసా ఇచ్చాడు. చీటీల చుట్ట కూడా కొన్నాడు. సీసా మీద అందమైన అక్షరాలతో ‘ఇది నిజంగానే నీకు’ అని రాసి ఉంది.

ఆమె సబ్బు తెచ్చింది. ఇద్దరూ కలిసి మీటలూ గొళ్ళేలూ డబ్బాలూ బ్రష్షులూ ఓపిగ్గా కడిగారు, తుడిచారు, దీపం వేసి చూసుకున్నారు. చివరికి అద్దం ముందు అతని ఎడమ చెంప ఒక్కటే మిగిలింది.

“అదీ కడిగేయండి మరి,” అంది ఆమె.

ఇరవై సెకన్లు కడుక్కోవాలని శాఖ నిబంధనల్లో ఉన్నది చేతుల గురించేనని, చెంపల ప్రస్తావన ఎక్కడా లేదని ఇన్‌స్పెక్టరు దీపం ఆర్పుతూ చెప్పాడు.